పర్లాకిమిడి చిట్టా, ఆవర్జా: ఫాంటసీ నవల సన్నాహానికి ఎంతవరకు పనికివస్తాయి?

ఒడిశాలోని మహేంద్రగిరి కొండ చుట్టూ జరిగే ఒక ఫాంటసీ నవలకు రెండేళ్లుగా సన్నాహం చేసుకుంటూ, ఫోనులోని నోట్సు, కంప్యూటరులోని పట్టికలు, గోడకు అంటించిన చీటీలు అన్నీ వాడి విసిగిపోయిన తరువాత, పర్లాకిమిడి బజారులో లెక్కల పుస్తకాలు కుట్టి అమ్మే ఒక చిన్న దుకాణంలో రెండు పుస్తకాలు చేయించుకున్నాను. ఒకటి చిట్టా, అంటే రోజువారీ పద్దుల పుస్తకం; రెండవది ఆవర్జా, అంటే ఖాతాల పుస్తకం. ఎనిమిది నెలలు వాడి చూశాక ఈ అభిప్రాయం రాస్తున్నాను.

రెండింటికీ ఎర్రగుడ్డ అట్ట, దారపు కుట్టు, ఒక్కొక్కటి 400 పేజీలు, ప్రతి పేజీకి అచ్చువేసిన అంకె ఉన్నాయి. ఒడియాలో ఒక బేరం, తెలుగులో ఒక బేరం సాగిస్తున్న దుకాణదారు నన్ను చూసి, "ఏం మాస్టారూ, వ్యాపారం మొదలుపెడుతున్నారా?" అని అడిగాడు. వ్యాపారం కాదు, రాజ్యం అని చెబితే, అయితే పెద్ద సైజు తీసుకోండి అన్నాడు. ఆ సలహా వినకపోవడం నా పొరపాటే.

లెక్కలు రాసేవారికి తెలిసిన పద్ధతినే నేనూ పాటించాను. ఏ రోజు జరిగినది ఆ రోజు వరుసలో చిట్టాలోకి ఎక్కుతుంది. అక్కడి నుండి ప్రతి పద్దూ ఆవర్జాలో దానికి సంబంధించిన ఖాతాకు చేరుతుంది. నా ఆవర్జాలో ప్రతి పాత్రకు, కోటకు, ఆయుధానికి ఒక ఖాతా ఉంది, ప్రతి పద్దు పక్కన చిట్టా పేజీ అంకె ఉంది. మూడవ అధ్యాయంలో కథానాయిక నది దాటించినందుకు పడవవాడికి ఇచ్చివేసిన ఇనుప ఉంగరంతోనే పదకొండవ అధ్యాయంలో గుహ తలుపు తెరుస్తోందన్న సంగతి, ఉంగరం ఖాతాలోకి పద్దు ఎక్కిస్తున్నప్పుడే బయటపడింది. అంతకు ముందు అదే కథను నాలుగుసార్లు చదివినా నాకు అది కనిపించలేదు.

అయితే ఈ పుస్తకం నాకు చేసిన అసలు మేలు జమ, ఖర్చు అనే రెండు గళ్లలో ఉంది. నా కథలోని మంత్రగత్తె వాన కురిపించగలదు. ఆ శక్తిని జమ గడిలో రాసిన తరువాత ఎదురుగా ఖర్చు గడి ఖాళీగా కనిపిస్తూ మూడు రోజులు నన్ను నిలదీసింది. చివరకు, వానను పిలిచిన ప్రతిసారీ ఆమె తనకు తెలిసిన ఒక మనిషి పేరు మరచిపోతుందని రాసుకున్నాను. అప్పటినుండి ఆమె ఖాతాలో నిల్వ తగ్గుతూ వస్తోంది; ప్రస్తుతం ఏడు పేర్లు మిగిలాయి, వాటిలో ఒకటి కన్నకూతురిది. ఖర్చు లేని మంత్రంతో కథ ఎందుకు చప్పబడిపోతుందో నేను చదివిన ఏ పాఠమూ ఇంత సూటిగా చెప్పలేదు.

చిట్టా కూడా తన వంతు మందలింపు చేసింది. తేదీ లేకుండా పద్దు రాయడం కుదరదు కనుక, రాత్రికి రాత్రే కొండ పాదానికి చేరిన నా రాజుగారి దండును వెనక్కు పిలవవలసి వచ్చింది. ఆమడ అంటే సుమారు 8 మైళ్లు. ఎడ్లబండ్లతో కలిసి నడిచే సైన్యం రోజుకు ఆమడన్నర కదిలితే గొప్ప. ఆ పైన 1501 మీటర్ల కొండ ఎక్కాలి, వర్షాకాలమైతే మహేంద్రతనయ నది పొంగు తగ్గేదాకా గట్టున కాచుకోవాలి. ఆ ఆలస్యం నుండే రెండు కొత్త అధ్యాయాలు పుట్టాయి.

చివరి పేజీలను నా రాజ్యపు మాటలకు, లిపికి కేటాయించాను. గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయులుగా ఉండి సవర భాష నేర్చి నిఘంటువు కూర్చిన ఊరిలో, 1936లో మంగేయి గమాంగ్ ఆ సవర భాషకే సొర సొంపెంగ్ లిపిని రూపొందించిన ప్రాంతంలో ఉంటూ, ఒక కల్పిత భాషకు నోటికి వచ్చిన శబ్దాలు పేర్చడం సిగ్గుగా తోచి, ముందు ధ్వనుల పట్టిక వేసుకున్నాను. ఇక్కడే పుస్తకం లోపం తెలిసింది. గీతలు అంకెల కోసం వేసినవి కావడంతో ఇరుకుగా ఉంటాయి. తెలుగు వత్తులు కింది వరుస గుడులతో ఢీకొంటాయి.

ఇతర లోపాలు కూడా ఉన్నాయి. ఇంకు పెన్నుతో రాస్తే సిరా వెనుక పేజీకి దిగుతుంది, బాల్‌పెన్నుకు ఇబ్బంది లేదు. పటం గీయడానికి తెల్ల కాగితం ఒక్కటీ లేదు. ఆవర్జా చివరి కట్ట కుట్టు ఆరవ నెలలో వదులైంది. దుకాణదారు డబ్బు తీసుకోకుండానే మళ్లీ కుట్టి ఇచ్చాడు, కానీ వారంలో ఇస్తానన్న పుస్తకాలు మొదట చేతికి రావడానికి పందొమ్మిది రోజులు పట్టిన మాట కూడా నిజమే. పేరు మార్చితే పాత పద్దులన్నీ చేత్తో దిద్దుకోవలసిందే కనుక, పాత్రల పేర్లు ఇంకా స్థిరపడనివారు కొన్నాళ్లు కంప్యూటరులోనే ఉండడం మంచిది.

రెండవ భాగం కోసం వెడల్పు గీతలతో, చివర పదహారు తెల్ల కాగితాలతో, ఈసారి పెద్ద సైజులోనే మరో ఆవర్జాకు బయానా ఇచ్చాను. దసరాకు ఇస్తానన్నాడు. నేను దీపావళికి లెక్క వేసుకున్నాను.