అలీపూర్ మ్యూజియం: దేశబంధు కోసం వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సినవి

కోల్‌కతాలోని అలీపూర్ మ్యూజియం తప్పకుండా చూడాల్సిన చోటు. అయితే ‘దేశబంధు’గా పేరుపడ్డ బారిస్టరు, కాంగ్రెస్ నాయకుడు చిత్తరంజన్ దాస్ కోసమే వెళ్తే, అక్కడ దొరికేది ఆయన జీవితంలో కొన్ని నెలలు మాత్రమే. ఆయన్ని తీర్చిదిద్దింది కోర్టు, జైలు తర్వాత వచ్చింది. కోర్టు సంగతులు ముందే చదువుకుని వెళ్లినవాళ్లకి ఈ మ్యూజియం చాలా ఇస్తుంది. చదవకుండా వెళ్తే తలుపు మీద పేరున్న ఒక ఇరుకు గది చూసి, ఫోటో తీసుకుని బయటికి వచ్చేస్తారు.

ఇది పాత అలీపూర్ సెంట్రల్ జైలు. 2019లో ఖైదీలను బారుయీపూర్‌కు తరలించారు, 2022 సెప్టెంబరులో మ్యూజియంగా తెరిచారు. సుభాస్, నెహ్రూ, బిధాన్ చంద్ర రాయ్, జతీంద్ర మోహన్ సేన్‌గుప్తా ఉన్న సెల్‌లతో పాటు దేశబంధు సెల్ కూడా ఉంది. 1931 జూలై 7న విప్లవకారుడు దినేశ్ గుప్తాను ఉరితీసింది ఈ జైల్లోనే. ఉరికంబం దగ్గర పిల్లలకి ఏం చెప్పాలో పెద్దవాళ్లు ముందే ఆలోచించుకోవడం మంచిది.

ఎక్కువమంది పొరబడేది ఒకచోట. అరవింద ఘోష్ సెల్ ఇక్కడే ఉంటుందనుకుని వెతుకుతారు. అది ఇక్కడ లేదు, దగ్గర్లోని ప్రెసిడెన్సీ జైల్లో ఉంది. అందులో ఇప్పటికీ ఖైదీలున్నారు కాబట్టి నేరుగా లోపలికి వెళ్లడం కుదరదు. దాస్, సుభాస్ కూడా 1921 డిసెంబరులో అరెస్టయ్యాక మొదట ఉన్నది ప్రెసిడెన్సీ జైల్లోనే, ఆ తర్వాతే వాళ్లను అలీపూర్ సెంట్రల్‌కి మార్చారు. ఇక్కడ వాళ్లు చాలాకాలం ఇతర నాయకులతో కలిసి ఒక పెద్ద హాల్లో ఉన్నారు. అందుకే ఆ ఒక్క సెల్ చూసి దాస్ ఒంటరిగా గడిపారని అనుకోకండి. అహ్మదాబాద్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా ఎన్నికైన మనిషి ఆ సభకు వెళ్లలేక జైల్లో ఉంటే, ఆ కుర్చీలో హకీం అజ్మల్ ఖాన్ కూర్చోవాల్సి వచ్చింది. సెల్ ముందు నిలబడ్డప్పుడు తలుచుకోవాల్సింది ఈ సంగతి.

మ్యూజియానికి కొద్ది దూరంలోనే అలీపూర్ జడ్జి కోర్టు ఉంది. దాస్ పేరు దేశమంతా మోగింది అక్కడే. 1908లో మొదలైన అలీపూర్ బాంబు కేసులో అరవింద ఘోష్ ఒక నిందితుడు. ప్రభుత్వం తరఫున మద్రాసు బారులో పేరు మోసిన లాయరు ఎర్డ్లీ నార్టన్, బెంచి మీద జడ్జి బీచ్‌క్రాఫ్ట్. సాక్షులే 206 మంది, పత్రాలు వేలల్లో. అరవిందుడి వైపు డబ్బు అయిపోయి మొదటి లాయరు తప్పుకున్నాక దాస్ కేసు తీసుకున్నారు, మిగతా ప్రాక్టీసు దాదాపు పక్కన పెట్టేశారు. ఆయన పనితనం తెలియాలంటే ఒక్క ఉత్తరం చాలు. తమ్ముడు బారీంద్ర అరవిందుడికి రాశాడంటూ, దేశమంతటా ‘మిఠాయిలు’ సిద్ధంగా ఉంచాలనే ఉత్తరాన్ని ప్రాసిక్యూషన్ బయటపెట్టింది. మిఠాయిలంటే బాంబులని వాళ్ల వాదన. ఆ సమయానికి అన్నదమ్ములిద్దరూ సూరత్‌లోనే ఉన్నారు కదా, ఉత్తరం దేనికి? సొంత అన్నకి రాస్తూ ఏ తమ్ముడైనా బారీంద్ర కుమార్ ఘోష్ అని నిండు పేరుతో సంతకం పెడతాడా? దాస్ వేసిన ప్రశ్నలివి. చట్టం ఎంత చదివినా ఇంటి మర్యాద తెలియనివాడికి ఈ వాదన తట్టదు. 1909 మే 6న అరవిందుడు విడుదలయ్యాడు.

ఇంకో విషయం నాకు దీనికంటే పెద్దదిగా కనిపిస్తుంది. 1906లో తండ్రితో పాటు దాస్ కూడా దివాలా తీశారు. చట్టప్రకారం ఆ అప్పులు తీర్చక్కర్లేదు. అయినా సంపాదన పెరిగాక 1913లో మొత్తం తీర్చేశారు. అంత రాబడి ఉన్న ప్రాక్టీసునే సహాయ నిరాకరణ ఉద్యమం కోసం 1921 మొదట్లో వదిలేశారు. మన ప్రకాశం పంతులు బారిస్టరు వృత్తి వదిలి మద్రాసులో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టిందీ అదే ఏడాది.

ఇక దారి. మెట్రోలో జతిన్ దాస్ పార్క్ స్టేషన్‌లో దిగండి. ట్యాక్సీ యాప్‌లో ‘చిత్తరంజన్’ అని మాత్రం కొడితే ఊరి మధ్యలో ఉన్న చిత్తరంజన్ ఎవెన్యూకి తీసుకుపోయే ప్రమాదం ఉంది, పూర్తి పేరు ఇవ్వండి. స్టేషన్ పక్కనే చిత్తరంజన్ సేవాసదన్ ఉంది. దాస్ దేశానికి రాసిచ్చిన ఇంటి స్థలం అది, ఆయన పోయాక 1926లో ఆసుపత్రి అయింది. ఇప్పటికీ తల్లులూ పిల్లలూ వచ్చే చోటు కాబట్టి బయటి నుంచి చూసి కదలండి. హాజ్రా రోడ్డు మీదుగా ఆదిగంగ వంతెన దాటి గోపాల్‌నగర్ కూడలికి వెళ్తే అలీపూర్ వచ్చేస్తుంది. మ్యూజియానికి సోమవారం సెలవు. తెరిచిన కొత్తలో ప్రవేశ టికెట్టు 30 రూపాయలు, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షోకి విడిగా కొనాలి. ఆవరణ పెద్దది, ఎక్కువభాగం ఆరుబయటే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వెళ్తే సగంలోనే అలిసిపోతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే మూడు గంటలు తీరిగ్గా తిరగొచ్చు.

జైలు గోడలు చెప్పలేనిది 1922 చివరి నుంచి సాగిన కథ: శాసనసభల్లోకి వెళ్లాలన్న వాదన గయ కాంగ్రెస్‌లో ఓడి, 1923 జనవరిలో మోతీలాల్ నెహ్రూతో కలిసి స్వరాజ్య పార్టీ పెట్టడం, 1924లో కలకత్తాకు మొదటి మేయరు కావడం. తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది దాస్ ముస్లిం నాయకులతో కుదుర్చుకున్న బెంగాల్ ఒడంబడిక. ముస్లింలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 55 శాతం, స్థానిక సంస్థల్లో మెజారిటీ మైనారిటీలకు 60, 40 చొప్పున వాటా ఇస్తామన్న ఆ ఒప్పందాన్ని తిరస్కరించింది 1923 డిసెంబరులో మన కాకినాడలో జరిగిన కాంగ్రెస్సే. నా దృష్టిలో దాస్ రాజకీయ జీవితంలో అతి ధైర్యమైన పని ఆ ఒడంబడికే.

సమయం మిగిలితే కాళీఘాట్ మెట్రో దగ్గర నుంచి పడమరగా కేవరాతలా శ్మశానఘాట్‌కి వెళ్లొచ్చు. 1925 జూన్ 16న డార్జిలింగ్‌లో పోయిన దాస్‌కి దహనం జరిగిందీ, స్మారకం కట్టిందీ అక్కడే. రోజూ శవాలు వచ్చే ఘాట్ అది, ఫోన్ జేబులోనే ఉంచండి. ఆయన ప్రాణం విడిచిన ‘స్టెప్ అసైడ్’ ఇల్లు డార్జిలింగ్‌లో ఉంది. దానికి వేరే ప్రయాణం పెట్టుకోవాలి.