పాటల పిట్ట పేరున్న బొగ్గుగని

హెల్మెట్ ఇచ్చినప్పుడు అది లాంఛనమే అనుకున్నాను. పది అడుగులు వేశానో లేదో, నెత్తి మీద ఠంగుమని రాతికప్పు తగిలింది. మరో నిమిషానికి రెండోసారి. ముందు నడుస్తున్న గైడు వెనక్కి చూడకుండానే నవ్వాడు. జర్మనీలో విట్టెన్ ఊరి అంచున, రూర్ నది పక్కనున్న, ఇప్పుడు మ్యూజియంగా మారిన నాఖ్టిగాల్ గని ఇది. నాఖ్టిగాల్ అంటే నైటింగేల్, రాత్రిళ్లు పాడే పిట్ట. సొరంగంలో మాత్రం నీటిబొట్లు రాలే చప్పుడు తప్ప ఏ పాటా లేదు.

బొగ్గు చరిత్ర కోసమే నాలుగు రోజులు రూర్ ప్రాంతంలో తిరిగాను. ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఎస్సెన్‌లోని త్సోల్‌ఫెరైన్. 1932లో మొదలైన దాని పన్నెండో నంబరు గని రోజుకు పన్నెండు వేల టన్నుల బొగ్గు తీసేది. 1986లో మూతపడింది, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఎస్సెన్ స్టేషన్ నుంచి 107 నంబరు ట్రామ్ నేరుగా అక్కడికే వెళ్తుంది. కట్టడం గంభీరంగా ఉంటుంది, రూర్ మ్యూజియానికి ఎక్కించే నారింజరంగు ఎస్కలేటర్ ఫొటోలకు బాగుంటుంది. కానీ భూమి లోపలికి దిగనివ్వరు. గనికి వెళ్లి పైనుంచి చూసి రావడం నాకు తృప్తినివ్వలేదు.

బోఖుమ్‌లోని గనుల మ్యూజియంలో కిందికి దిగొచ్చు. అయితే ఆ సొరంగాల్లో ఏనాడూ బొగ్గు తవ్వలేదు, చూపడానికే ఇరవై మీటర్ల లోతున కట్టారు. యంత్రాలన్నీ అసలువే కనుక పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే నయం. డోర్ట్‌ముండ్ గని నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన డెబ్బై ఒక్క మీటర్ల ఇనుప గోపురం ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. వర్షం రోజు ఎక్కకండి, నాకు మబ్బులే కనిపించాయి.

నాఖ్టిగాల్ ఈ రెంటి ముందూ చిన్నది. నాకు నచ్చింది అదే. రికార్డుల్లో దీని పేరు మొదట 1714లో కనిపిస్తుంది. అప్పట్లో కొండ పక్క నుంచి అడ్డంగా సొరంగం తొలిచి బొగ్గు తెచ్చుకునేవారు. సొరంగాన్ని కాస్త వాలుగా తవ్వితే ఊట నీరు దానంతట అదే బయటికి పారేది. ఆ మట్టానికి పైనున్న బొగ్గు అయిపోయాక చిక్కు మొదలైంది. కిందికి దిగాలంటే నీటిని తోడాలి, తోడాలంటే ఆవిరియంత్రం కావాలి. 1832లో నెప్ట్యూన్ అనే నిలువు బావి తవ్వకం మొదలుపెట్టారు. జలదేవత పేరు పెట్టిన వాళ్లకు ఏం ఎదురవుతుందో ముందే తెలుసేమో! తీసిన బొగ్గు నది మీద పడవల్లో పోయేది. 1780 కల్లా లాకులు కట్టి రూర్‌ను పడవలకు అనువుగా మార్చారు. అలాంటి చెక్క పడవ నమూనా ఒకటి ఇక్కడి మ్యూజియంలో ఉంది. దాని పక్కన నిలబడితేనే ఎంత పొడుగో తెలుస్తుంది.

1892లో గని మూతపడింది. కథ అక్కడితో ఆగలేదు. కొద్ది ఏళ్లకే డ్యుంకెల్‌బెర్గ్ అనే వ్యాపారి అదే స్థలంలో ఇటుకల కర్మాగారం పెట్టాడు. పక్క కొండలోని రాయిని పొడి చేసి ఇటుకలు పోశారు. ఆ వలయాకారపు బట్టీ ఇప్పటికీ ఉంది. ఇలాంటి బట్టీలో ఇటుకలు కదలవు, నిప్పే ఒక గది నుంచి మరో గదికి తిరుగుతూ పోతుంది. ఒక పక్క కాలుతుంటే మరో పక్క చల్లారిన ఇటుకలు తీసేవారు. 1963 దాకా ఇది నడిచింది. ఆ చీకటి కమానుల కింద నేను గంట సేపు గడిపాను, గనిలో గడిపిన దానికన్నా ఎక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొగ్గు కరువైన రోజుల్లో ఈ లోయల్లో చిన్న చిన్న బావులు మళ్లీ తెరుచుకున్నాయి. కొద్దిమంది కలిసి మూడు దుంగలు పాతి, బకెట్లతో బొగ్గు పైకి లాగేవారు. ఆ గనుల గురించి ఇక్కడ విడిగా ఒక ప్రదర్శన ఉంది, తప్పక చూడండి. రూర్‌లో చివరి గని బోట్రోప్‌లో 2018 డిసెంబరులో మూసేసిన సంగతి తెలిసి చూస్తే ఆ బకెట్లు మరోలా కనిపిస్తాయి.

మ్యూజియం నుంచి ముట్టెన్‌టాల్ లోయలోకి కాలిబాట ఉంది. పందుల కాపరి కుర్రాడు చలిమంట వేసుకుంటే తెల్లారేసరికి కింది నల్లరాళ్లు కణకణలాడుతున్నాయని, బొగ్గు అలా దొరికిందని ఇక్కడి కథ. దారిలో గని కార్మికుల ప్రార్థనాగృహం వస్తుంది. పనిలోకి దిగేముందు ప్రార్థన, హాజరు రెండూ అక్కడే జరిగేవి. రెండోదాని కోసమే యజమానులు కట్టించి ఉంటారని నా అనుమానం.

బస విషయానికొస్తే, బోఖుమ్‌లో ఉండటం మేలు. రైళ్లు ఎక్కువ, తిండికీ ఇబ్బంది లేదు. విట్టెన్‌లో ఒక రాత్రి దిగిన అతిథిగృహంలో ఆదివారం సాయంత్రం ఎవరూ లేరు. తాళంచెవి పెట్టెకు పంపిన నంబరు పనిచేయలేదు, ఫోను ఎత్తేవారు లేరు. గంటన్నర మెట్ల మీద కూర్చున్నాక ఎవరో వచ్చి తెరిచారు, క్షమాపణ మాట లేదు. గది శుభ్రంగానే ఉంది. ఆదివారం దుకాణాలూ మూసే ఉంటాయి కనుక రాత్రికి బిస్కెట్లే గతి అయ్యాయి.

ప్రయాణానికి జర్మనీ నెలవారీ టికెట్ తీసుకున్నాను. ప్రాంతీయ రైళ్లు, ట్రాములు, బస్సులన్నిటికీ అదొక్కటే చాలు. 2023లో 49 యూరోలతో మొదలై, 2025లో 58కి చేరింది. ఇది చందా పద్ధతి. పదో తేదీలోపు రద్దు చేసుకోకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది.

నాఖ్టిగాల్‌లో గైడు చెప్పేదంతా జర్మన్‌లోనే. నాకు సగమే అర్థమైంది. ఆయన మాత్రం ఓపికగా చేతులతో, బొమ్మలు గీసి మిగతాది చెప్పాడు. నాలుగు రోజుల్లో నేను చూసిన మంచి సేవ అదే. విట్టెన్ స్టేషన్ నుంచి అరగంట నడక, దారి తేలికే. సోమవారం మ్యూజియం మూత. చలికాలం కాకపోయినా స్వెటర్ పట్టుకెళ్లండి, ఆరడుగులు దాటినవాళ్లు నడుము సంగతి ముందే ఆలోచించుకోండి.