“బిగినర్ డవ్ హంట్ ప్యాకేజీ”కి డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి (డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకు)

పోయిన సెప్టెంబర్ 1న నేనూ, మా పిన్ని కొడుకూ కలిసి 700 డాలర్లు పోగొట్టుకున్నాం. డబ్బు సంగతి అలా ఉంచండి. ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుని ఉంటే మావాడి వీసాకే ఎసరు వచ్చేది. వేట నేర్చుకుందామని మనవాళ్లు చాలామంది ఈమధ్య అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆగస్టు మొదటి వారంలో ఒక వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. గువ్వల వేట, కొత్తవాళ్లకు ప్రత్యేకం, మనిషికి 350 డాలర్లు, గన్ మాదే, షెల్స్ (తూటాలు) మావే, భోజనం మాదే, లైసెన్స్ కూడా ప్యాకేజీలోనే అని. ఫోటోలో చిన్న కుంట, గట్టు మీద ఎడమవైపుకి వంగిన పాత గాలిమర. టెక్సస్‌లో ఉత్తర, మధ్య జోన్లకు గువ్వల సీజన్ సెప్టెంబర్ 1న మొదలవుతుంది, ఆ రోజు ఇక్కడివాళ్లకు పండగే. మా తాతగారు పల్నాడులో జొన్నచేల వెంబడి కుందేళ్ల కోసం తిరిగిన కథలు వింటూ పెరిగినవాణ్ణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర ఆ ముచ్చట తీరిపోయింది. ఇక్కడ చట్టబద్ధంగా నేర్చుకోవచ్చు కదా అని సంబరంగా జెల్ (Zelle) అనే బ్యాంకు యాప్‌లో డబ్బు పంపేశాను. ప్రకటన పెట్టిన మనిషి ముందే మొత్తం కట్టాలన్నాడు, కట్టాను. అది నేను చేసిన మొదటి తప్పు.

రెండో తప్పు “లైసెన్స్ ప్యాకేజీలోనే” అన్న మాటను పట్టించుకోకపోవడం. అదృష్టం కొద్దీ ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పగా నా వరకు నేను అన్నీ చేసుకున్నాను. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. పదిహేడేళ్లు దాటినవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. ఆపైన హంటింగ్ లైసెన్స్, దాని మీద వలస పక్షుల ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి), లైసెన్స్ కొనేటప్పుడే అడిగే హెచ్‌ఐపీ ప్రశ్నలు (పోయిన సీజన్‌లో ఏ వలస పక్షుల్ని కొట్టారు అనే సర్వే). ఇవన్నీ మన పేరు, మన పుట్టిన తేదీ, మన ఐడీ మీద వచ్చేవి. ఇంకొకరు పదిమందికి కలిపి తెచ్చిపెట్టే వస్తువు కాదది. మావాడు డెంటన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాడు. “అన్నయ్యా, ప్యాకేజీలో ఉందిగా” అన్నాడు. నేనూ సరేలే అనుకున్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకి చేరాం, డాలస్ నుంచి పడమరగా రెండున్నర గంటల ప్రయాణం. మాతో పాటు ఇంకో ఆరుగురు ఉన్నారు. హెడ్‌లైట్ల వెలుగులోనే వాళ్లకు గన్స్ పంచుతున్నాడు ఆ మనిషి. మావాడి లైసెన్స్ ఏదని అడిగితే “నా గన్, నా ఫీల్డ్, ఒక్క పూటకి ఏం లైసెన్స్” అన్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. హెచ్1 (ఉద్యోగ వీసా), ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ ఉండడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది, అమెరికాలో ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ మన దగ్గర ఉండడం. గన్ మనదా, అద్దెదా, ఒక్క పూటకి తీసుకున్నదా అన్నది లెక్కలోకి రాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టెక్సస్ వార్షిక లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో గడువు తీరిపోతుంది. గన్ కొని అలమరలో పెట్టుకుని, లైసెన్స్ రెన్యూ చేయడం మర్చిపోతే సెప్టెంబర్ 1 పొద్దున్నుంచి ఆ మినహాయింపు ఉండదు. సీజన్ మొదలయ్యేదీ ఆ రోజే. మీ పరిస్థితి మీద ఏ అనుమానం ఉన్నా గన్ ముట్టుకోకముందే లాయర్‌ని అడగండి.

మావాణ్ణి కారులోనే కూర్చోమన్నాను. నాకిచ్చిన గన్ 12 గేజ్ పంప్ షాట్‌గన్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె తగ్గేకొద్దీ గొట్టం లావు). గువ్వలకి వెళ్లే షాట్‌గన్‌లో ఛాంబర్ (కాల్చే షెల్ కూర్చునే చోటు)లో ఒకటి, మ్యాగజైన్ (మిగతావి ఉండే గొట్టం)లో రెండు, కలిపి మూడు షెల్స్‌కి మించి పట్టకూడదు. అందుకే మ్యాగజైన్ గొట్టంలో ప్లగ్ అని ఒక పుల్ల పెడతారు. గన్ మూతి నేల వైపు ఉంచి, సేఫ్టీ వేసి, ఒక్కొక్క షెల్ మ్యాగజైన్‌లోకి తోశాను. రెండు పట్టాక మూడోది ఆగాలి. ఆగలేదు. నాలుగోది కూడా మెత్తగా జారిపోయింది. ప్లగ్ లేదు. షెల్స్ ఉన్న సంచిలో చెయ్యి పెడితే ఎర్రవాటి మధ్య పసుపువి తగిలాయి. పసుపు రంగు 20 గేజ్‌కి. ఊరికే ఆ రంగు పెట్టలేదు. పొరపాటున 20 గేజ్ షెల్ 12 గేజ్ గన్‌లో పడితే జారి బ్యారెల్ (గుండ్లు బయటికి వెళ్లే గొట్టం) మధ్యలో ఇరుక్కుంటుంది, పేలదు. పేలలేదు కదా అని వెనకాల 12 గేజ్ షెల్ పెట్టి కాలిస్తే బ్యారెలే పగులుతుంది. మొహానికి ఎదురుగా. కొత్తవాళ్ల చేతికి ఆ రెండూ కలిపిన సంచి ఇచ్చాడు ఆ మనిషి. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది.

అప్పటికి కాస్త వెలుగు వచ్చింది. కుంట గట్టు వెంబడి నడుస్తుంటే కాళ్ల కింద కరకరమంది. వంగి ఒక గుప్పెడు తీశాను. జొన్నలు, మధ్యమధ్య గోధుమలు. తడి మట్టి మీద పొడిగా, పొట్టు లేకుండా శుభ్రంగా ఉన్నాయి. జొన్నచేల మధ్య పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కోత కోసిన చేలో గింజ రాలితే పక్కనే కొయ్యకాళ్లు ఉంటాయి, విరిగిన కంకి ఉంటుంది, చొప్ప ఉంటుంది. ఇక్కడ మోకాలెత్తు గడ్డి తప్ప పైరు ఆనవాలే లేదు. గింజలు గట్టు పొడుగునా ఒకటే చారగా పడి ఉన్నాయి, సంచి మూతి విప్పి నడుచుకుంటూ వెళ్లినట్టు.

గువ్వలు వలస పక్షులు. 1918 నాటి వలస పక్షుల చట్టం కిందికి వస్తాయి. గింజలు చల్లి రప్పించిన చోట వాటిని కాల్చడం ఫెడరల్ నేరం. మామూలు వ్యవసాయంలో రాలిన గింజ మీద కాల్చొచ్చు, తెచ్చి చల్లిన గింజ మీద కాల్చకూడదు. చల్లింది ఎవరైనా సరే, అక్కడ గింజలున్నాయని తెలిసినా, చూస్తే తెలిసే పరిస్థితి ఉన్నా, కాల్చినవాడు దోషి. గింజలన్నీ ఊడ్చేసినా ఇంకో పది రోజుల పాటు ఆ చోటు ఎర వేసిన చోటే.

ఆ మాట అడిగితే “టెక్సస్‌లో అందరూ కార్న్ వేస్తారు బ్రదర్” అన్నాడు. కొత్తవాళ్లు పడిపోయేది సరిగ్గా ఇక్కడే. జింకల కోసం సొంత పొలాల్లో మొక్కజొన్న ఫీడర్లు పెట్టుకోవడం టెక్సస్‌లో చట్టబద్ధమే. ఏ రోడ్డు మీద వెళ్లినా కనిపిస్తాయి. కానీ జింకకి ఉన్న రూలు గువ్వకి లేదు. ఆ తేడా అతనికి తెలియకపోవడం అనేది ఉండదు.

గన్ ఖాళీ చేసి అతని ట్రక్కు మీద పెట్టాను. డబ్బు అడిగాను. “నువ్వు ఇష్టపడి వెళ్లిపోతున్నావు, రీఫండ్ ఉండదు” అన్నాడు. మిగతా ఆరుగురిలో ఇద్దరికి గింజలు చూపించి చెప్పాను. ఒకాయన వచ్చేశాడు, ఇంకొకాయన ఇంత దూరం వచ్చాం కదా అని ఉండిపోయాడు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. దారిలోనే ఆపరేషన్ గేమ్ థీఫ్ లైన్‌కి ఫోన్ చేసి చోటు చెప్పాను. టెక్సస్‌లో వేట నేరాలు చెప్పడానికి ఉన్న లైన్ అది, పేరు చెప్పకుండా కూడా చెప్పొచ్చు.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. డబ్బు తీసుకుని ఆ భూమిలో వేటకి రానిచ్చే హక్కు ఉందని చూపే కాగితం ఫోటో పంపమనండి. భూమి ఎవరిది, మీతో మాట్లాడేవాడికి ఆ భూమితో సంబంధం ఏమిటి అని అడగండి. పొలంలో ఏ పైరు వేశారు, ఎప్పుడు కోశారు అని తప్పకుండా అడగండి. నిజమైన రైతు ఈ ప్రశ్నకి తడుముకోడు, గంటసేపు చెబుతాడు. లైసెన్స్ మేం చూసుకుంటాం అని ఎవరన్నా, ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టేయండి.

నిజానికి కొత్తవాళ్లకు ఇంత ఖర్చే అక్కర్లేదు. రాష్ట్రం ఇచ్చే యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ నేను తీసుకున్నప్పుడు 48 డాలర్లు. లైసెన్స్‌తో పాటు అది ఉంటే చాలా పబ్లిక్ భూముల్లో తిరగొచ్చు. గువ్వల కోసమే రాష్ట్రం లీజుకి తీసుకున్న పొలాలు కూడా అందులో ఉంటాయి. డాలస్‌కి ఈశాన్యాన క్యాడో గ్రాస్‌ల్యాండ్స్ అనే అలాంటి పబ్లిక్ భూమి ఉంది. ఏ చోట ఏది, ఎప్పుడు, ఏ గన్‌తో అన్నది పర్మిట్ బుక్‌లెట్‌లో ఉంటుంది, చదివి వెళ్లండి. నన్నడిగితే గువ్వల కంటే తూర్పు టెక్సస్ అడవుల్లో ఉడతలతో మొదలుపెట్టడం మేలు. అక్టోబర్ 1 నుంచి సీజన్. చెట్టుకి ఆనుకుని కదలకుండా కూర్చోవడం, చెవితో వెతకడం, వెనకాల ఏముందో చూసుకోకుండా కాల్చకపోవడం అక్కడ నెమ్మదిగా అలవాటవుతాయి. మావాడు ఆ శీతాకాలం హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేసి, తన పేరు మీద లైసెన్స్ తీసుకుని, నాతో అలాగే మొదలుపెట్టాడు.

మా 700 కోసం జస్టిస్ కోర్టులో వేశాను. 20,000 డాలర్ల లోపు తగాదాలు అక్కడ వేసుకోవచ్చు, లాయర్ లేకపోయినా ఫరవాలేదు. ఇంకా తేలలేదు. ఇదే మనిషికి డబ్బు కట్టినవాళ్లుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, మీ దగ్గర ఉన్న రసీదులు, చాట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి.

నిన్న ఇంకో గ్రూపులో ప్రకటన మళ్లీ వచ్చింది. ఈసారి పేరు వేరు, నంబర్ వేరు, మనిషికి 400 డాలర్లు. ఫోటోలో కుంట అదే, గట్టు మీద ఎడమవైపుకి వంగిన గాలిమర అదే.