నేతిబీర పీచు: ఏళ్లుగా వాడుతున్న అనుభవంతో

మా ఇంట్లో ఒళ్లు రుద్దుకోవడానికీ, అంట్లు తోమడానికీ ఏళ్లుగా బీరపీచే. ప్లాస్టిక్ స్క్రబ్బర్ మళ్లీ కొనాలనిపించలేదు. అయితే ఏ బీరకాయైనా ఒకటే అనుకోవద్దు. కూరకి తెచ్చుకునే గరుకు బీరకాయ ముదిరినా పీచు వస్తుంది గానీ, అంచుల దగ్గర తొక్క ఊడిరాక విసిగిస్తుంది. నున్నటి నేతిబీరని కాసేపు నానబెడితే చాలు, తొక్క పెచ్చులుగా లేచొస్తుంది.

కాయ తీగ మీదే ఎండాలి. గోధుమ రంగుకి తిరిగి, బరువే లేనట్టుండి, చెవి దగ్గర ఊపితే గింజలు గలగలలాడాలి. పచ్చిగా కోసి ఎండబెట్టిన పీచు అంత మన్నదు. అడ్డంగా కోస్తే లోపల మూడు గదులు కనిపిస్తాయి. నురగంతా వాటిలోనే నిలుస్తుంది కాబట్టి కాస్త సబ్బే సరిపోతుంది. గింజలు దులిపి, జిగురు పోయేదాకా పిండి కడిగి, ఎండలో పెట్టాలి.

పొడిగా ఉంటే గుచ్చుకుంటుంది, తడిస్తే మెత్తబడుతుంది. మడమలకీ, మోచేతులకీ, వీపుకీ దీన్ని మించింది లేదు. ముఖానికీ, చంటిపిల్లలకీ, దెబ్బ తగిలిన చోటా మాత్రం వద్దు.

వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మీద గీత పడనివ్వదు, నూనె జిడ్డు బాగా వదిలిస్తుంది. అడుగంటిన పాలగిన్నె దీనివల్ల కాదు, స్టీల్ పీచు పట్టాల్సిందే. మెతుకులు, దోసెపిండి సందుల్లో ఇరుక్కుంటే తీయడం మహా చికాకు. గిన్నె ముందు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే పీచు పట్టండి. చేపల గిన్నెలకి వేరే ముక్క ఉండాలి, నీచు వాసన పట్టేస్తుంది.

అసలు సంగతంతా ఆరబెట్టడంలోనే ఉంది. బాత్‌రూమ్ మూల తడిగా వదిలేస్తే అందులో చిక్కుకున్న మట్టీ, ఊడిన చర్మమూ క్రిములకి మేత. వాడగానే గట్టిగా పిండి, గాలి తగిలేచోట కొక్కేనికి తగిలించండి. ముసురు రోజుల్లో అయితే ఫ్యాన్ కింద పెడతాను. ఒంటికి వాడేదాన్ని నెల దాటనివ్వను. వాసన వచ్చినా, నల్లమచ్చ కనబడినా అంతకంటే ముందే కంపోస్ట్‌లోకి వేసేస్తాను.

తీగ పెట్టుకునే చోటు లేనివాళ్లు బజార్లో కొనుక్కోవచ్చు. పలకలా అణిచి అమ్మేవి నీళ్లు తగలగానే ఉబ్బుతాయి, బాగానే పనికొస్తాయి. తెల్లగా మెరిసేవాటి కంటే లేత గోధుమ రంగువే నాకు నమ్మకం. ఒకవైపు స్పాంజి కుట్టినవి మాత్రం తీసుకోకండి, ఆ వైపు ఓ పట్టాన ఆరదు.