జార్జియా రాజుల క్లాసు: ఫీజు కట్టి వినొచ్చా?

నారాయణగూడలో వారాంతాల్లో నడిచే చరిత్ర క్లాసులకి ఈసారి నేనూ చేరాను, టాపిక్ 16 నుంచి 18వ శతాబ్దం దాకా జార్జియా రాజులు. ఇదెవరు వింటారులే అనుకున్నా గానీ హాలు నిండిపోయింది, పిల్లల్ని అక్కడ ఎంబీబీఎస్‌కి పంపిన తల్లిదండ్రులే చాలామంది.

సారు ఒక మనిషిని పట్టుకుని కథ చెప్పినప్పుడు మాత్రం ఫీజు అప్పుడే వసూలైపోయింది. తూర్పు జార్జియాలోని కఖేతి రాజ్యానికి రాజు, మొదటి తెయిమురాజ్ సంగతే చూడండి. పర్షియా రాజు షా అబ్బాస్ దగ్గరికి రాయబారానికి పంపిన తల్లి కెతేవాన్‌ని మతం మారనందుకు 1624లో షిరాజ్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు, తెయిమురాజ్ ఇద్దరు కొడుకుల్ని నపుంసకుల్ని చేశారు, అయినా ఈయన సింహాసనం పోగొట్టుకుంటూ మళ్ళీ తెచ్చుకుంటూ, మధ్యలో తల్లి మీద కావ్యం కూడా రాసి, చివరికి 1663లో పర్షియా చెరలోనే చనిపోయాడు. ఆ కెతేవాన్ అవశేషాలు కొన్ని గోవా చేరాయి, పాత గోవాలోని ఒక చర్చి శిథిలాల్లో దొరికిన ఎముక ఆమెదే కావచ్చని డీఎన్ఏ పరీక్షలో తేల్చింది మన హబ్సీగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళే! 2021లో భారత ప్రభుత్వం దాన్ని జార్జియాకి అప్పగించింది. రోజూ ఆ గేటు ముందు నుంచి ఆఫీసుకి పోతాను, నాకీ సంగతే తెలియదు.

తర్వాత తూర్పు జార్జియాకి రాజైన రెండో ఎరెక్లే కథ కూడా అంతే. కుర్రాడిగా పర్షియా పాలకుడు నాదిర్ షా సేనతో కలిసి భారత దండయాత్రకి వచ్చాడు, అటు మొఘలుల పక్షాన మన హైదరాబాద్ మొదటి నిజాం, నిజాముల్ ముల్క్ ఉన్నాడు. ఈ మాట అనగానే వెనక బెంచీలు కూడా ఫోన్లు పక్కన పెట్టేశాయి.

పడమటి జార్జియా రాజ్యం ఇమెరెతి దగ్గరికొచ్చేసరికి బండి పట్టాలు తప్పింది. అక్కడి రాజు ఐదో బగ్రాత్‌కి సవతి తల్లి దరేజాన్ కళ్ళు పోగొట్టించింది, ఆ గుడ్డి రాజే పదేపదే గద్దె ఎక్కి దిగాడు, ఆ దరేజాన్ ఎవరో కాదు, మన తెయిమురాజ్ కూతురే. ఇంత కథని గబగబా పేర్ల లిస్టులా చదివేస్తే ఎలా? పైగా ఒక్కో రాజుకీ జార్జియన్ పేరొకటి, పర్షియన్ పేరొకటి. కాందహార్‌లో 1709లో హత్యకి గురైన గుర్గీన్ ఖాన్, తూర్పున ఇంకో రాజ్యమైన కార్త్లీకి రాజు పదకొండో గియోర్గి ఒక్కరేనని నాకు ఇంటికెళ్ళాక గానీ వెలగలేదు. వంశవృక్షం లేదు, మ్యాప్ లేదు, ఇచ్చిన జిరాక్స్ కాగితాల మీద అక్షరాలు సగం పడలేదు. 1555లో ఒట్టోమన్ తురుష్కులు, పర్షియాని ఏలే సఫవీలు ఆ దేశాన్ని పడమర నీకు, తూర్పు నాకు అని పంచుకున్నారు కదా, అది గోడ మీద మ్యాప్ పెట్టి చూపిస్తే ఈ రాజులు ఎందుకు ఊరికే మతాలు, పక్షాలు మార్చారో ఐదు నిమిషాల్లో అర్థమయ్యేది.

చివరి క్లాసు మీదే నాకు కోపం. 1783లో కాపాడతానన్న రష్యాతో గియోర్గియెవ్‌స్క్ ఒప్పందం, ఆ నమ్మకంతో ఉండగానే 1795లో పర్షియా పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ వచ్చి రాజధాని త్బిలిసిని తగలబెట్టడం, రష్యా సాయం సమయానికి రాకపోవడం, 1801లో అదే రష్యా రాజ్యాన్ని కలిపేసుకోవడం, ఇదంతా అరగంటలో ముగించేసి ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు.

టీ బాగుంది, పార్కింగ్ మాత్రం నరకం, మెట్రోలో వెళ్ళండి. ఐదుకి మూడున్నర ఇస్తాను. తర్వాతి బ్యాచ్‌లో చేరేవాళ్ళు డబ్బు కట్టేముందే మ్యాప్, వంశవృక్షం ఇస్తారా అని అడగండి, ఇస్తామంటే నాలుగున్నర అనుకోవచ్చు.