షాపు ఓపెనింగ్: రిబ్బన్ పొద్దున కట్ చేయాలా, సాయంత్రమా?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా తమ్ముడు టిఫిన్ సెంటర్ పెడుతున్నాడు, ఇంట్లో వారం నుంచి ఇదే గొడవ.

పంతులుగారు చెప్పిన ముహూర్తం పొద్దున 7:20కి. ఆ టైముకి వీధి ఖాళీ, బళ్లు పెట్టుకోవచ్చు, ముందే ఆశీలమెట్ట వెళ్లి సంపత్ వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి రావచ్చు, పూర్ణా మార్కెట్ నుంచి తెల్లారే తెచ్చిన బంతిపూలు వాడిపోకుండా ఉంటాయి. కాకపోతే వచ్చేది చుట్టాలే. డ్యూటీలకి వెళ్లేవాళ్లు రారు.

సాయంత్రం ఆరు తర్వాతైతే జనం బాగా వస్తారు, లైట్లలో బోర్డు మెరుస్తుంది. కానీ ముఖ్య అతిథి లేటైతే? పోయినేడాది ఒక ఫ్రెండ్ షాపు ముందు గంటన్నర నిలబడ్డాం, మన వైజాగ్ ఉక్కపోత తెలిసిందేగా, చొక్కాలు వీపుకి అతుక్కుపోయాయి, గాలికి రిబ్బన్ ముడి రెండుసార్లు ఊడింది, తీరా ఆయనొచ్చేసరికి పళ్లెంలో కత్తెర లేదు!

నా ఓటు పొద్దునకే. పాలు పొంగించి, రిబ్బన్ అమ్మమ్మ చేత కట్ చేయించి, సాయంత్రం ఫ్రెండ్స్‌ని పిలిచి వేడి పెసరట్టు, మాడుగుల హల్వా పెడితే సరిపోతుంది. కత్తెర మాత్రం కొత్తది, పదునైనది కొనండి. శాటిన్ రిబ్బన్ మీద మొండి కత్తెర జారుతుంది తప్ప తెగదు.