నీడ కోసం నల్లగొండ: స్కెచ్‌బుక్‌తో ఐదు రోజులు

నా బొమ్మలకు ఒక జబ్బుంది. గీత బాగానే పడుతుంది, రంగూ ఫర్వాలేదు, కానీ మిట్టమధ్యాహ్నం గీసిన గుడి కూడా ముసురు రోజు గీసినట్టు ఉంటుంది. ముదురు రంగు పెట్టాలంటే చెయ్యి వెనకాడుతుంది. ఆరేళ్లుగా ఆదివారాలు చెరువుగట్ల మీద కూర్చుని గీస్తున్నా ఈ జబ్బు తగ్గలేదు. ప్రతి వారం వచ్చిందే మళ్లీ గీస్తుంటే ఎలా తగ్గుతుంది? అందుకే సంక్రాంతి వెళ్లాక ఐదు రోజులు సెలవు పెట్టి, నీడ ఒక్కటే పనిగా పెట్టుకుని బయల్దేరాను.

పెట్టుకున్న కట్టుబాట్లు ఇవీ. బొమ్మకు ఇరవై నిమిషాలు, ఫోన్‌లో అలారం. మూడే మెట్లు: కాగితం తెలుపు, నడిమి బూడిద, ముదురు. రోజుకు ఆరు బొమ్మలు, రంగులు సాయంత్రం ఒక్కదానికే. ఇరవై నిమిషాలే ఎందుకంటే, సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. తాపీగా కూర్చుంటే ఎడమ పక్క తొమ్మిది గంటల నీడ, కుడి పక్క పదకొండు గంటల నీడ ఉన్న గుడి తయారవుతుంది. అలాంటివి నా బీరువాలో ఓ ముప్పై ఉన్నాయి.

మొదటి మజిలీగా నల్లగొండ ఎంచుకున్నది పానగల్లు కోసమే. పట్నానికి ఆనుకునే ఉంటుంది, బస్టాండు నుంచి ఆటోలో పోవచ్చు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం సంగతి తెలిసిందే కదా. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. లింగానికి ఎదురుగా చూస్తే ఆ నీడ వేసే స్తంభమేదీ కనపడదు. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, బయట పరుచుకున్న వెలుగు. అది మండపం స్తంభాల సందుల్లోంచి రెండు పక్కలా లోపలికి దూరుతుంది. రెండూ సరిగా చేరని మధ్య పట్టీ మనకు నీడగా కనపడుతుంది. అందుకే సూర్యుడు జరిగినా అది జరగదు. నాలాంటి నిదానపు మనిషికి ఇంతకన్నా మంచి మోడల్ ఎక్కడ దొరుకుతుంది? అలారం కూడా కట్టేశాను.

భక్తులకు అడ్డం లేకుండా ఒక స్తంభం పక్కన ఒదిగి కూర్చుని, ఆ ఒక్క నీడనే ఐదుసార్లు గీశాను. మొదటిది గోడ మీద నల్లగుడ్డ ఆరేసినట్టు వచ్చింది. అంచులు కత్తితో కోసినట్టు పెట్టడం వల్ల అలా అయింది. కళ్లు సగం మూసి చూస్తే అసలు అంచులే లేవు, మెల్లగా గోడలో కలిసిపోతున్నాయి. మూడోసారి కాగితం ముందే తడిపి, ఆ తడి మీద రంగు వదిలాను, కొంచెం నయం. ఐదోసారికి గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. అక్కడ అన్నిటికన్నా ముదురుగా ఉన్నది ఆ నీడ కాదు, ద్వారబంధం పైన మూల. ఆ నీడ గోడ కన్నా ఒక్క అర మెట్టే ముదురు. మూలలో చిక్కటి రంగు ముందు వేసేశాక మిగతావన్నీ వాటంతటవే వరసలో కూర్చున్నాయి. ఇన్నాళ్లూ నేను తెల్ల కాగితంతో పోల్చుకుంటూ భయపడుతూ వేశాను. పక్కన నిజమైన నలుపు ఉంటే భయపడటానికి ఏమీ లేదు.

పూలు పట్టుకొచ్చిన ఒక పెద్దావిడ వెనక నిలబడి చూసి, "ఏం గీస్తున్నవ్ బిడ్డా?" అంది. నీడమ్మా అన్నాను. "నీడనేం గీస్తవ్, గుడి గియ్యరాదూ" అని ఓ అరటిపండు చేతిలో పెట్టి పోయింది.

సాయంత్రం దగ్గర్లోని ఉదయసముద్రం కట్ట ఎక్కాను. గాలి, నీళ్లు, దూరంగా గుట్టలు, చక్కటి చోటు. కానీ బొమ్మకు కష్టం, కట్ట మీద కూర్చోవడానికి నీడ లేదు. ఎండ తెల్ల కాగితం మీద పడి కళ్లు చెదిరితే రంగు ఎంత ముదురుగా పెట్టామో తెలియదు, ఇంటికొచ్చి చూస్తే అంతా బొగ్గు. గొడుగో, వెడల్పు అంచు టోపీయో లేకుండా వెళ్లొద్దు. తెల్లవారి మాత్రం అక్కడే ఒక సరదా సంగతి పట్టుబడింది. ఈ ఊరికి పూర్వం నీలగిరి అని పేరుండేదనీ, తర్వాత నల్లగొండ అయిందనీ చెప్తారు. ఏడు గంటల మంచులో దూరపు గుట్టలు నిజంగా నీలంగానే ఉన్నాయి, ఎండెక్కాక దగ్గరి గుట్ట బూడిద రంగుకు తిరిగింది. అల్ట్రామెరైన్ బ్లూలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపితే ఆ రెండు రంగులూ ఒకే పళ్లెంలో దొరుకుతాయి. నీలం పాలు పెంచితే నీలగిరి, తగ్గిస్తే నల్లగొండ.

లాడ్జి గురించి ఎక్కువ చెప్పను. బస్టాండు దగ్గరిది, శుభ్రంగానే ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పసుపు బల్బు వెలుగులో రంగులు సరిచూసుకోవడం ఉత్త దండగ. తెల్లవారి ఐదున్నరకు వెళ్తానని ముందే చెప్పినా గేటు తాళం తీసేసరికి ఆరున్నర దాటింది. ఆ గంట మంచుపొద్దు పోయినందుకు ఇప్పటికీ కడుపు మండుతోంది. మీరు పొద్దున్నే బయటపడాలంటే తాళం ఎవరి దగ్గరుంటుందో రాత్రే కనుక్కోండి.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి నడుం పట్టేసింది. ఇక్కడి గది మాత్రం బాగా కుదిరింది. రెండో అంతస్తు, ఉత్తరం వైపు కిటికీ, బల్ల, అడిగితే బకెట్ నీళ్లు. బొమ్మలేసేవాడికి ఏసీ కన్నా ఉత్తరపు కిటికీ ముఖ్యం, వెలుగు గబగబా మారదు.

పిల్లలమర్రి దగ్గర నా గర్వం దిగిపోయింది. ఏడొందల ఏళ్ల చెట్టని చెప్తారు. 2018లో చెద పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన చెట్టు ఇదే. అలాంటి దాన్ని దూరం నుంచే చూడాలంటే విసుక్కోకూడదు. నా చిక్కు వేరే. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు ఊడల మీదా పడతాయి, నా కాగితం మీదా పడతాయి. ఏది బొమ్మలోదో, ఏది చెట్టుదో తెలియక రెండు కాగితాలు చింపాను. చివరికి చెట్టు వైపు వీపు పెట్టకుండా పక్కకు తిరిగి, ఒళ్లో అట్ట అడ్డం పెట్టుకుని, ఊడలను వదిలేసి ఊడల మధ్య చీకటి సందులు మాత్రమే గీశాను. పానగల్లు పాఠమే, ముదురు ముందు. సందులు పూర్తయ్యేసరికి ఊడలు తెల్లగా మిగిలి వాటంతటవే నిలబడ్డాయి. సెలవు రోజుల్లో మాత్రం పోకండి, పిక్నిక్ పిల్లల గోల. పొద్దున తెరవగానే వెళ్తే చిలకలు, మీరూ.

గద్వాలలో దిగింది కోట కోసం. లోపల కాలేజీ నడుస్తుంది, ద్వారం ముందు బండ్ల రద్దీ. ఒక్క బొమ్మ గీసి బయటపడ్డాను. చీరల మీద డబ్బు పెట్టదలిస్తే తప్ప, గీసుకోవడానికే అయితే నేరుగా అలంపురం పొండి.

అలంపురంలో బస చేసే చోట్లు తక్కువ, నేను కర్నూలులో పడుకుని పొద్దున బస్సులో వచ్చాను. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, రాయికి ఎర్రటి ఛాయ. శిఖరం మీద ఉసిరికాయ చీలికల్లా ఉండే ఆమలకం పొద్దుటి ఎండలో నీడ పాఠానికే చెక్కినట్టుంటుంది. ఒక్కో చీలికకూ ఓ వెలుగు, ఓ నీడ. పన్నెండు చీలికలు గీయబోయి ఆగాను. తూర్పు పక్క తెలుపు వదిలేసి, పడమటి పక్క మొత్తం ఒకే ముదురు పెట్టి, మధ్యలో నాలుగు గీతలు వేస్తే గుండ్రంగా తిరిగింది. పక్కన నందిని కూడా అలాగే లాగించేస్తే, చూస్తున్న పిల్లాడు "అన్నా, గిది బర్రె లెక్కున్నది" అన్నాడు. నిజమే, మూపురం మర్చిపోయాను.

గుళ్ల మధ్య పచ్చిక, చెట్ల నీడ, కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపకపోవడం వల్ల ఐదు రోజుల్లో అలంపురానికే మొదటి మార్కు. రెండోది పానగల్లు. భోజనం మాత్రం ఎండెక్కకముందే చూసుకోవాలి, నాకు మధ్యాహ్నం దాకా బిస్కెట్లే గతి అయ్యాయి.

తిరుగు బస్సు కోసం అలంపూర్ చౌరస్తాలో నిలబడితే ఇరవై నిమిషాలు మిగిలాయి. దాబా ముందు ఆగిన పత్తి లారీ కింద నీడ ముందు పెట్టాను. టైర్లు వేస్తుండగానే డ్రైవర్ బండి తీశాడు. ఆ పేజీ అలాగే ఉంచాను.